టాంగ్‌మియర్‌లో వెన్నెల రాత్రులు

1916 నవంబర్‌లో జెఫ్రీ డోర్మన్ అనే బ్రిటిష్ పైలట్ షోరమ్ నుంచి గోస్‌పోర్ట్‌కు వెళ్తూ దారి మధ్యలో విమానాన్ని ఉన్నపళంగా దించాల్సి వచ్చింది. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో, వెస్ట్ ససెక్స్‌లో, బేలీ అనే రైతు పొలం అతన్ని ఆదుకుంది. గండం గడిచింది కదా అని అతను ఊరుకోలేదు. ఆ నేల విమానాలకు అచ్చంగా సరిపోతుందని పై అధికారులకు చెప్పాడు. మరుసటి ఏడు సెప్టెంబర్‌కల్లా ప్రభుత్వం అక్కడ 200 ఎకరాలు తీసేసుకుంది. ఆ భూమి మళ్లీ నాగలి మొహం చూడటానికి అర్ధ శతాబ్దం పైనే పట్టింది.

ఆ పొలం పక్క ఊరే టాంగ్‌మియర్. చిచెస్టర్ పట్నానికి తూర్పున 5 కిలోమీటర్లు. దక్షిణాన సముద్రం, ఉత్తరాన సౌత్ డౌన్స్ అనే సుద్దరాతి గుట్టలు. వైమానిక స్థావరం మూతపడి దశాబ్దాలు గడిచినా దాని అంచున ఒక చిన్న మ్యూజియం నడుస్తోంది. పేరు టాంగ్‌మియర్ మిలిటరీ ఏవియేషన్ మ్యూజియం. నడిపేది స్వచ్ఛంద కార్యకర్తలు. లండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం పక్కన పెడితే ఇది గోరంత. కాకపోతే ఇక్కడ అద్దాల వెనక పెట్టిన కథల్లో చాలావరకు ఆ గోడలకు కూతవేటు దూరంలోనే జరిగాయి. అందులో కొన్ని ప్రపంచమంతా విన్న మోతలు. ఒకటి మాత్రం ఊళ్లోవాళ్లకు కూడా తెలియకుండా సాగిన గుట్టు.

మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో ఈ మైదానాన్ని అమెరికన్లకు అప్పగించారు. హ్యాండ్లీ పేజ్ బాంబర్ల మీద వాళ్లు శిక్షణ మొదలుపెట్టే సరికి యుద్ధమే అయిపోయింది. 1925 దాకా ఆ చోటు దాదాపు నిద్రపోయింది. 1926 చివర్లో 43వ స్క్వాడ్రన్ వచ్చి దిగాక గానీ టాంగ్‌మియర్‌కు కళ రాలేదు. వాళ్లు నడిపిన గ్లాస్టర్ గేమ్‌కాక్ రెండు రెక్కల యుద్ధ విమానం. గేమ్‌కాక్ అంటే పందెం కోడి. ఆ కోడిపుంజునే తమ చిహ్నం చేసుకున్నారు. విమానాలు మారినా కోడి మాత్రం పోలేదు. ఆ దళాన్ని 'ఫైటింగ్ కాక్స్' అనే పిలిచారు. పందెం కోడి అంటే ఏమిటో భీమవరం వాళ్లకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

మరుసటి ఏడాది 1వ స్క్వాడ్రన్ కూడా చేరింది. రెండు యుద్ధాల మధ్య ఆ రోజులు పైలట్లకు స్వర్ణయుగం. వేసవిలో పొద్దున్నే ఎగరడం, మధ్యాహ్నానికి పని ముగించి సముద్రపు ఒడ్డుకు పోవడం. తర్వాత రాకుమారి మార్గరెట్‌తో ప్రేమ వ్యవహారం వల్ల పత్రికలకెక్కిన పీటర్ టౌన్‌సెండ్ కూడా ఈ 43వ దళం వాడే. రంగూన్‌లో పుట్టిన ఆ యువకుడు వెండి రంగు ఫ్యూరీ విమానాలు నడిపాడు. 1938లో ఫ్యూరీల స్థానంలో హరికేన్లు వచ్చాయి. సరదా రోజులకు అక్కడితో తెర పడింది.

1939లో స్థావరాన్ని విస్తరించారు. ఊళ్లో ఉన్న ఒకే ఒక హోటల్‌నూ కొన్ని ఇళ్లనూ కూలగొట్టారు. మిగిలిన ఇళ్లలో ఎక్కువ భాగం వాయుసేన స్వాధీనం చేసుకుంది. ఊళ్లో ఉండనిచ్చింది అరడజను, మహా అయితే ఎనిమిది కుటుంబాలను. టాంగ్‌మియర్ మళ్లీ మామూలు జనం ఊరు అనిపించుకున్నది 1966లో. విజయగాథల పుస్తకాల్లో ఈ సంగతి ఒక వాక్యంతో సరిపెడతారు. ఇరవై ఏడేళ్లు ఊరు ఊరిలా లేకపోవడం చిన్న విషయమేమీ కాదు.

బ్రిటన్ మీద గగనతల యుద్ధం మొదలయ్యేనాటికి ఆగ్నేయ ఇంగ్లండ్‌ను కాచే 11వ గ్రూపులో ఏడు సెక్టార్ స్థావరాలుండేవి. టాంగ్‌మియర్ వాటిలో ఒకటి, అన్నిటికంటే దక్షిణాన ఉన్నది. తీరంలోని రాడార్లు పంపిన సమాచారం ఇక్కడి ఆపరేషన్స్ రూమ్‌కు చేరేది. ఏ దళం ఎప్పుడు ఎగరాలో ఇక్కడి నుంచే రేడియోలో చెప్పేవారు. 1940లో రన్‌వే అంటే గడ్డి నేలే. ఆ ఏడాది జూలై 22 రాత్రి ఇక్కడి ఫైటర్ ఇంటర్‌సెప్షన్ యూనిట్‌కు చెందిన బ్లెన్‌హైమ్ విమానం లోపల బిగించిన రాడార్ సాయంతో ఒక జర్మన్ డోర్నియర్‌ను చీకట్లో వెతికి పట్టుకుని కూల్చింది. విమానంలోని రాడార్‌తో శత్రువును కూల్చడం ప్రపంచంలో అదే మొదటిసారి. దీని విలువ అప్పుడు బయటివాళ్లెవరికీ తెలియదు, తెలియనివ్వలేదు కూడా.

ఆగస్టు 16 మాత్రం అందరికీ తెలిసిన రోజు. మధ్యాహ్నం ఒంటిగంట వేళ స్టూకాలు వచ్చాయి. స్టూకా అంటే నిట్టనిలువుగా కిందికి దూకి బాంబు వేసే జర్మన్ విమానం. దూకేటప్పుడు అది చేసే ఊళ వినేవాళ్ల గుండెలవిసిపోయేలా ఉండేది. కొద్ది నిమిషాల్లోనే హ్యాంగర్లు, వర్క్‌షాపులు, ఆసుపత్రి గది, ఆఫీసర్ల మెస్ దెబ్బతిన్నాయి. స్థావరంలో పదిమందికి పైగా చనిపోయారు. శిథిలాల మధ్య, తను గాయపడి ఉండి కూడా క్షతగాత్రులకు వైద్యం ఆపని డాక్టర్ కోర్ట్‌నీ విల్లీకి ఆ తర్వాత మిలిటరీ క్రాస్ ఇచ్చారు. దాడికి వచ్చిన స్టూకాల్లో తొమ్మిది వెనక్కి పోలేదు. 43వ దళమూ 601వ దళమూ వాటిని సముద్రం దాకా తరిమాయి.

ఆ తరిమినవాళ్లలో ఒకడు హరికేన్‌కు నిప్పంటుకున్నా దూకేయకుండా దాన్ని టాంగ్‌మియర్‌కే తెచ్చి దింపాడు. పేరు బిల్లీ ఫిస్క్. అమెరికన్. 1928 శీతాకాల ఒలింపిక్స్‌లో, పదహారేళ్ల వయసులో, బాబ్‌స్లెడ్ జట్టును నడిపి స్వర్ణం గెలిచాడు. 1932లో రెండోసారి గెలిచాడు. అతను చేరిన 601ని 'కోటీశ్వరుల దళం' అనేవారు. ఆస్తిపాస్తులున్న కుర్రాళ్లు అందులో ఎక్కువ. బాంబుల గుంతల మధ్య ఆగిన విమానంలోంచి అంబులెన్స్ సిబ్బంది అతన్ని బయటికి లాగారు. కాలిన గాయాలతో మర్నాడు చిచెస్టర్ ఆసుపత్రిలో కన్నుమూశాడు. వయసు 29. అమెరికా యుద్ధంలోకి రావడానికి ఇంకా దాదాపు పదహారు నెలలుంది. సమాధి పక్క ఊరు బాక్స్‌గ్రోవ్‌లో ఉంది. లండన్ సెయింట్ పాల్ కెథడ్రల్‌లో అతని పేరిట ఫలకాన్ని ఆవిష్కరించడానికి 1941 జూలై 4ను, అంటే అమెరికా స్వాతంత్ర్య దినాన్ని ఎంచుకోవడంలో చర్చిల్ ప్రభుత్వానికి రాజకీయ లెక్కలు లేవనుకోవడం అమాయకత్వం. అంతమాత్రాన ఫిస్క్ తెగువ తగ్గిపోదు.

రెండు రోజుల తర్వాత, ఆగస్టు 18న, స్టూకాలు మళ్లీ విరుచుకుపడ్డాయి. ఈసారి గురి చుట్టుపక్కల ఉన్న ఫోర్డ్, థార్నీ ఐలండ్, గోస్‌పోర్ట్ స్థావరాల మీద, పోలింగ్ రాడార్ మీద. వాటిని అడ్డుకున్నవాటిలో పడమటి నుంచి, డోర్సెట్‌లోని వార్మ్‌వెల్ నుంచి వచ్చిన 152వ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లున్నాయి. ఆ దళం పూర్తి పేరు 152 హైదరాబాద్ స్క్వాడ్రన్. నిజాం ఇచ్చిన విరాళం వల్ల వచ్చిన పేరది. దళం చిహ్నం మీద కనిపించేది నిజాం తలపాగా. స్టూకాలు ఆ రోజు తిన్న దెబ్బకు ఆ తర్వాత జర్మన్లు వాటిని బ్రిటన్ మీదికి పెద్ద గుంపులుగా పంపడం మానేశారు.

నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు ఇది మొదటి విరాళం కాదు. 1918లోనే 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్ 9ఏ బాంబర్లు కొనిచ్చాడు. వాటిలో ఒకటి అక్టోబర్‌లో జర్మన్లకు చిక్కింది. బెర్లిన్‌లో ప్రదర్శనకు పెట్టారు. రెండో యుద్ధంలో అది పోలండ్ చేరి, ఎన్నో ఏళ్ల తర్వాత బ్రిటన్‌కు తిరిగి వచ్చి ఇప్పుడు లండన్ మ్యూజియంలో ఉంది. 253వ స్క్వాడ్రన్‌కూ హైదరాబాద్ పేరే ఉంది. ఈ విమానాల డబ్బంతా చివరికి ఎవరి పన్నుల్లోంచి వచ్చిందో తెలంగాణ పల్లెలకు తెలుసు. యుద్ధ మ్యూజియాల్లో దాతల పేర్లు కనిపించినంత తేలిగ్గా ఆ సంగతి కనిపించదు.

1940 సెప్టెంబర్ 7న జర్మన్ బాంబర్లు లండన్ మీదికి మళ్లాయి. ఆ మధ్యాహ్నం 43వ దళ నాయకుడు సీజర్ హల్ యుద్ధంలో చనిపోయాడు. రొడీషియాలో పుట్టి దక్షిణాఫ్రికాలో పెరిగినవాడు. అతన్ని టాంగ్‌మియర్ సెయింట్ ఆండ్రూస్ చర్చి ఆవరణలో పాతిపెట్టారు. అదే ఆవరణలో జర్మన్ వైమానికుల సమాధులు కూడా ఉన్నాయి.

మరుసటి ఏడాది మార్చిలో డగ్లస్ బేడర్ వచ్చాడు. పదేళ్ల కిందట ప్రమాదంలో రెండు కాళ్లూ పోగొట్టుకుని, కృత్రిమ కాళ్లతో మళ్లీ విమానమెక్కిన మొండివాడు. టాంగ్‌మియర్ వింగ్ స్పిట్‌ఫైర్లను అతను ఫ్రాన్స్ మీదికి నడిపాడు. ఆగస్టు 9న విమానం నుంచి దూకేటప్పుడు ఒక కాలు లోపల ఇరుక్కుంటే దాన్ని వదిలేసి పారాచూట్‌తో జర్మన్ల చేతికి చిక్కాడు. కొత్త కాలును బ్రిటిష్ బాంబర్లు ఫ్రాన్స్‌లో జారవిడిచాయి. బేడర్ మీద సినిమా వచ్చింది, పుస్తకాలు వచ్చాయి. ఆయన గురించి ఇక్కడ ఇంతకు మించి చెప్పనక్కరలేదు. అతని దళాలు ఉన్న వెస్ట్‌హ్యాంప్‌నెట్ మైదానం చుట్టూ వేసిన రోడ్డే ఇప్పుడు గుడ్‌వుడ్ కార్ల పందేల ట్రాక్.

టాంగ్‌మియర్ కథలో అసలు కీలకం స్థావరం ప్రధాన ద్వారానికి ఎదురుగా, రోడ్డు అవతల, తీగలు అల్లుకున్న ఒక ఇంట్లో ఉంది. దాన్ని టాంగ్‌మియర్ కాటేజ్ అనేవారు. పౌర్ణమికి అటో వారం ఇటో వారం ఆ ఇల్లు నిండేది. మిగతా రోజుల్లో ఖాళీ. వచ్చేవాళ్లు 161వ స్క్వాడ్రన్ పైలట్లు. వాళ్ల అసలు మకాం బెడ్‌ఫోర్డ్‌షైర్‌లోని టెంప్స్‌ఫర్డ్. ఫ్రాన్స్‌కు దగ్గర అని వెన్నెల రోజుల్లో ఇక్కడికి వచ్చి దిగేవారు. వాళ్ల పని నాజీల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్స్‌లోని పొలాల్లో రాత్రిపూట దిగి, గూఢచారులను వదిలి, మరికొందర్ని ఎక్కించుకుని తెల్లారేలోపు తిరిగి రావడం.

అందుకు వాడిన విమానం లైసాండర్. రెక్కలు పైన, చక్రాలు లావుగా కింద, నడక నెమ్మది. యుద్ధం మొదట్లో సైన్యానికి నిఘా కోసం వాడితే జర్మన్ ఫైటర్ల ముందు పిట్టల్లా రాలిపోయింది. పనికిరాదని పక్కన పెట్టిన ఆ విమానానికే ఉన్న గుణం ఒకటి ఈ పనికి పనికొచ్చింది: పచ్చిక మీద అతి తక్కువ దూరంలో దిగి, అంతే తక్కువ దూరంలో లేవగలదు. తుపాకులు పీకేశారు. పొట్ట కింద పెద్ద పెట్రోలు ట్యాంకు కట్టారు. వెనక సీట్లోంచి త్వరగా దిగడానికి ఎడమ పక్కన ఇనుప నిచ్చెన బిగించారు. పైలట్ ఒక్కడే, దారి చూపే నావిగేటర్ లేడు. మోకాళ్ల మీద మడిచి పెట్టుకున్న పటం, కింద వెన్నెల్లో మెరిసే నదులు, వాటి వంపులు, అంతే ఆధారం.

కింద ఫ్రెంచి ప్రతిఘటన దళం మనుషులు మూడు టార్చిలైట్లు నేలలో గుచ్చి తలకిందులైన ఎల్ ఆకారంలో వరస పెట్టేవారు. ముందుగా అనుకున్న అక్షరాన్ని మోర్స్‌లో మెరిపిస్తేనే పైలట్ దిగాలి. తప్పుడు అక్షరమైతే వెనక్కి తిరగాలి, ఎందుకంటే కింద ఉన్నది జర్మన్లు కావచ్చు. దిగి, తిరిగి, మనుషులను మార్చుకుని మళ్లీ లేవడానికి అన్నీ కుదిరితే మూడు నిమిషాలు. కుదరకపోతే చక్రాలు బురదలో కూరుకుపోయేవి. ఎద్దులను తెచ్చి లాగాల్సి వచ్చిన రాత్రులూ ఉన్నాయి. ఈ పైలట్ల నాయకుడు హ్యూ వెరిటీ తర్వాత ఆ రాత్రుల గురించి పుస్తకం రాశాడు. 1943 ఫిబ్రవరిలో దిగాల్సిన పొలం పొగమంచులో దొరక్క, ఆయన వచ్చిన దారినే తిరిగాడు. టాంగ్‌మియర్‌ను కూడా మంచు కప్పేసింది. అంచనా తప్పి, నేల ఇంకా కింద ఉండగానే దిగేశాననుకుని లైసాండర్‌ను ధడాల్న పడేశాడు. వెనక సీట్లో ఉన్నది ఫ్రెంచి ప్రతిఘటనోద్యమాన్ని ఏకం చేస్తున్న జాన్ మూలాఁ. అదృష్టం బాగుండి ఇద్దరికీ ఏమీ కాలేదు. మూలాఁ మరుసటి నెలలో మరో లైసాండర్‌లో ఫ్రాన్స్ చేరాడు, జూన్‌లో గెస్టపోకు చిక్కాడు.

ఆ జూన్‌లోనే, 16వ తేదీ రాత్రి, రెండు లైసాండర్లు టాంగ్‌మియర్ నుంచి లేచాయి. ఆంజే పట్నం దగ్గర నది ఒడ్డు పచ్చికలో దిగాయి. వెళ్లినవాళ్లు నలుగురు: ఒక మగవాడు, ముగ్గురు ఆడవాళ్లు. ఆ ముగ్గురిలో ఒకరు నూర్ ఇనాయత్ ఖాన్. తండ్రి హజ్రత్ ఇనాయత్ ఖాన్ బరోడాలో పుట్టిన సంగీత విద్వాంసుడు, సూఫీ గురువు, తల్లి అమెరికన్. తండ్రి వైపు టిప్పు సుల్తాన్ వంశపు రక్తం. ఇనాయత్ ఖాన్ సూఫీ దారి పట్టింది మన హైదరాబాద్‌లో. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దర్బారులో పాడుతూ కొన్నేళ్లు అక్కడ ఉన్నాడు. గురువు సయ్యద్ అబూ హాషిమ్ మదనీ దొరికింది అక్కడే. 1910లో వీణ పట్టుకుని పడమటి దేశాలకు బయల్దేరాడు. నూర్ మాస్కోలో పుట్టి పారిస్‌లో పెరిగింది. జాతక కథలను పిల్లల కోసం తిరిగి రాసి 1939లో పుస్తకంగా వేయించింది.

అహింసను నమ్మిన ఇంట్లో పుట్టిన ఆ అమ్మాయి బ్రిటిష్ వాయుసేన మహిళా విభాగంలో చేరి రేడియో పని నేర్చుకుంది. ఎస్‌ఓఈ అనే రహస్య సంస్థ ఆమెను ఎంచుకున్నప్పుడు శిక్షకుల్లో కొందరు ఆమె ఈ పనికి తగదని రాశారు. మాట దాచలేదు, మనసులో ఉన్నది మొహంలో తెలిసిపోతుంది. అయినా పంపారు. పారిస్‌లో రేడియో ఆపరేటర్ల కొరత అంతగా ఉంది. బయల్దేరే ముందు టాంగ్‌మియర్ దాకా తోడు వచ్చిన అధికారిణి వీరా అట్కిన్స్ కోటుకు ఒక వెండి పక్షి బ్రోచ్ ఉంది. బాగుందని నూర్ అంటే ఆమె దాన్ని తీసి నూర్ చేతిలో పెట్టింది.

దిగిన పొలంలో వాళ్లకు ఎదురొచ్చి దారి చూపినవాడు ఆంరీ దెరికూర్. విమానాల రాకపోకల ఏర్పాట్లు చూసేవాడు. అతనికి జర్మన్ భద్రతా విభాగంతో లావాదేవీలున్నాయి. నూర్ వచ్చిన కొద్ది రోజుల్లోనే పారిస్‌లో ఆమె చేరిన నెట్‌వర్క్ మనుషులు ఒక్కొక్కరే పట్టుబడ్డారు. లండన్ తిరిగి వచ్చేయమంది, ఆమె ఒప్పుకోలేదు. పారిస్ వీధుల్లో పెట్టెలో రేడియో మోస్తూ, ఇళ్లు మారుస్తూ, అక్టోబర్ దాకా సందేశాలు పంపింది. ఒక ఆపరేటర్ ఆరు వారాలు నిలబడితే గొప్ప అనుకునే రోజులవి. చివరికి ఎవరో చెప్పి పట్టించారు. 1944 సెప్టెంబర్ 13న డకావ్ శిబిరంలో కాల్చి చంపారు. ఆమెతో పాటు ఆ రాత్రి లైసాండర్ ఎక్కిన డయానా రౌడెన్ నాట్స్‌వైలర్‌లో, సెసిలీ లెఫోర్ రావెన్స్‌బ్రూక్‌లో చనిపోయారు. ఆ ముగ్గురు స్త్రీలలో ఒక్కరూ వెనక్కి రాలేదు. నూర్‌కు 1949లో జార్జ్ క్రాస్ ప్రకటించారు. లండన్ గోర్డన్ స్క్వేర్‌లో విగ్రహం పెట్టడానికి మాత్రం 2012 దాకా పట్టింది.

ఈ రహస్య రాత్రుల నుంచి మ్యూజియానికి దక్కింది తక్కువ. దక్కేందుకు ఏం మిగిలిందని? ఆ పని పద్ధతే ఏదీ మిగల్చకపోవడం. కాగితాలు కాల్చేసేవారు, పేర్లు మార్చేవారు, ఎక్కే ముందు జేబులు తడిమి ఇంగ్లిష్ టికెట్ ముక్క దొరికినా తీసేసేవారు. ఫొటోలు, పటాలు, రేడియో పరికరాలు, కొన్ని నమూనాలతో మ్యూజియం ఆ కథను నిలబెట్టింది. కాటేజ్ ఇప్పుడు ఎవరిదో సొంత ఇల్లు. జనం ఎక్కువగా గుమిగూడేది మాత్రం ఇంకో చోట: మ్యూజియంలో పక్కపక్కన నిలిపిన రెండు జెట్ విమానాల దగ్గర.

మొదటిది గ్లాస్టర్ మీటియర్ ఈఈ 549. యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది ప్రపంచ వేగ రికార్డు కోసం వాయుసేన టాంగ్‌మియర్‌లో ప్రత్యేకంగా హై స్పీడ్ ఫ్లైట్ అనే చిన్న జట్టును పెట్టింది. గ్రూప్ కెప్టెన్ టెడ్డీ డొనాల్డ్‌సన్ నాయకుడు. కెనడా వాడు బిల్ వాటర్టన్, నెవిల్ డ్యూక్ సభ్యులు. నిబంధనలు కఠినం: సముద్రపు ఒడ్డు వెంట 3 కిలోమీటర్ల దారి, నేల మట్టానికి చాలా దగ్గరగా ఎగరాలి, అటు రెండుసార్లు ఇటు రెండుసార్లు, సగటు లెక్క. ధ్వని వేగానికి చేరువయ్యే కొద్దీ విమానం వశం తప్పేది. గాలి వేడెక్కితే ధ్వని వేగం పెరుగుతుంది. అంటే విమానానికీ ఇంకాస్త వెసులుబాటు. అందుకే జట్టు ఎండ కోసం కాచుకు కూర్చుంది. ఇంగ్లండ్ వేసవి దాన్నివ్వలేదు. చివరికి సెప్టెంబర్ 7న, అనుకున్నంత వేడి లేకుండానే, డొనాల్డ్‌సన్ గంటకు 616 మైళ్లు, అంటే 991 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు.

రెండోది ఎర్రటి హాకర్ హంటర్, డబ్ల్యూబీ 188. మళ్లీ సెప్టెంబర్ 7, ఈసారి 1953. ఆనాటి జట్టులో చిన్నవాడు నెవిల్ డ్యూక్ ఇప్పుడు హాకర్ కంపెనీ టెస్ట్ పైలట్. టాంగ్‌మియర్ నుంచే లేచి, అదే తీరం వెంట గంటకు 727.6 మైళ్లు కొట్టాడు. 1171 కిలోమీటర్లు. సంబరం ఎంతో కాలం నిలవలేదు. అదే నెలలో లిబియా ఎడారి ఎండలో సూపర్‌మెరీన్ స్విఫ్ట్ దాన్ని దాటేసింది. మ్యూజియంలో ఆ జాతి స్విఫ్ట్ కూడా ఒకటుంది. రికార్డు నిలబెట్టిన స్విఫ్ట్ యుద్ధ విమానంగా పేరు తెచ్చుకోలేదు. ఓడిన హంటర్ దేశదేశాలు తిరిగింది. భారత వాయుసేన 1957 నుంచి హంటర్లను కొన్నది. 1971లో లోంగేవాలా ఇసుకలో పాకిస్తాన్ ట్యాంకుల వరసను చెదరగొట్టినవి అవే.

1950ల చివర్లో ఫైటర్ దళాలు వెళ్లిపోయాయి. కొత్త జెట్‌లకు ఈ చోటు ఇరుకైపోయింది. ఇంకొన్నాళ్లు ఇతర పనులకు వాడుకుని 1970 అక్టోబర్ 16న స్థావరాన్ని మూసేశారు. ఆ రోజు మైదానం మీదుగా ఒంటరి స్పిట్‌ఫైర్ ఒకటి ఎగిరి వెళ్లింది. నేల చాలావరకు మళ్లీ సేద్యంలోకి పోయింది, రన్‌వేలను పగలగొట్టారు, కొంత భాగంలో అద్దాల హరితగృహాలు లేచాయి. కంట్రోల్ టవర్ కిటికీలు ఊడి బోసిగా ఏళ్ల తరబడి నిలబడింది. బేలీ పొలం పూర్తి చక్రం తిరిగిందనుకోవచ్చు, కాంక్రీటు ముక్కలు మాత్రం నాగలికి తగులుతూనే ఉన్నాయి.

1982లో వాయుసేన మాజీ ఉద్యోగులు, విమానాలంటే ప్రాణం పెట్టే కొందరు కలిసి మ్యూజియం తెరిచారు. ప్రభుత్వ ఆజ్ఞ మీద వెలిసింది కాదు. తమ పెట్టెల్లో ఉన్న లాగ్‌బుక్కులు, పతకాలు, యూనిఫారాలు తెచ్చి పెట్టుకున్నారు. తర్వాత హ్యాంగర్లు కట్టుకున్నారు. మీటియర్, హంటర్ వచ్చి చేరాయి. 1936లో తొలిసారి ఎగిరిన మొట్టమొదటి స్పిట్‌ఫైర్ కే 5054 నమూనాను అసలు కొలతలతో తయారు చేసినదీ ఇక్కడే ఉంది. అసలుది 1939లోనే ప్రమాదంలో పోయింది. హరికేన్ కూడా నమూనాయే. నిజమైన హరికేన్లకు కోట్లు పెట్టాలి.

అయితే నిజమైన హరికేన్ ఇక్కడ మరో రూపంలో ఉంది. 1940 ఆగస్టు 30న 43వ దళం సార్జెంట్ డెన్నిస్ నోబుల్ విమానం హోవ్ పట్నంలో ఒక వీధిలో కూలి భూమిలోకి దిగిపోయింది. ఆ వెంటనే సొంత ఊరు రెట్‌ఫర్డ్‌లో అంత్యక్రియలు జరిగాయి. యాభై ఆరేళ్ల తర్వాత, 1996లో, ఆ వీధిలో తవ్వినవాళ్లకు ఇంజిన్‌తో పాటు పైలట్ కూడా దొరికాడు. 1940లో అతని కుటుంబం పాతిపెట్టిన పెట్టె నిజానికి దాదాపు ఖాళీదని అప్పుడు గానీ తెలియలేదు. రెండోసారి అంత్యక్రియలు చేశారు. నలిగి, తుప్పు పట్టి, వంగిన ఆ లోహపు ముక్కలు టాంగ్‌మియర్‌కు వచ్చాయి. మెరిసే నమూనాలు చూసి వచ్చినవాళ్లను కాసేపు ఆపేది ఇవే. ఎర్ర హంటర్ ముందు ఫొటో దిగడం ఎవరి హక్కయినా కావచ్చు గానీ, ఈ మ్యూజియం ఇంత చిన్నదైనా ఎందుకు ఉండాలో చెప్పేది హోవ్ వీధిలోంచి తీసిన ఈ ఇనుము.

బయట గడ్డి మీద సీ విక్సెన్, లైట్నింగ్, ఫాంటమ్ వంటి ప్రచ్ఛన్న యుద్ధకాలపు జెట్‌లు వానలో తడుస్తూ ఉంటాయి. తీరపు ఉప్పు గాలికి రంగు లేస్తుంది, రివెట్లు పొక్కుతాయి. ఏటా గీకడం, రంగు వేయడం తప్పదు. డిసెంబర్, జనవరి నెలల్లో మ్యూజియం మూసి ఆ పనులు చూసుకునే ఆనవాయితీ ఉంది. స్పిట్‌ఫైర్ నడిపినవాళ్లు, వాటికి తూటాల పట్టీలు ఎక్కించినవాళ్లు దాదాపు అందరూ వెళ్లిపోయారు. ఇప్పుడు సందర్శకులకు వివరించేవాళ్లలో చాలామందికి యుద్ధం పుస్తకాల్లో చదివినదే. లైట్నింగ్ దగ్గరికి వచ్చేసరికి తీరు మారుతుంది: ఆ ఇంజిన్లను ఒకదాని మీద ఒకటి ఎందుకు అమర్చారో, ఇంధనం ఎంత వేగంగా తాగేదో చెప్పేవాడు పడుచుతనంలో దాని కింద పడుకుని పానా తిప్పినవాడు కావచ్చు.